తొమ్మిది సుద్ద గీతలు

ఓడల యార్డు, కార్మికుల గదులు
జూన్ 6

వదినా,

వచ్చి ఎనిమిది వారాలైనా ఒక్క ఉత్తరం లేదని తిట్టుకుంటూ ఉంటారు. తిట్టండి, అరిగిపోను. ఇక్కడ పని దొరికింది, గది దొరికింది, ఇనుప రజనుతో దగ్గు కూడా దొరికింది. చెక్క అన్నది కంటికి కనబడదు. ఓడల పొట్టలకి పట్టిన తుప్పు గీకడమే పని. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి నాలుగింటికి ఆపుతాం. మర్నాడు వెళ్తే గీకిన చోటే మళ్లీ ఎర్రగా ఉంటుంది. మనసు పెట్టక్కర్లేని పని. నాకు కావలసిందీ అదే.

గదిలో నలుగురం. నా పై మంచం వెల్డరుది. నేను తువ్వాలు మడతపెట్టే తీరు రెండు రోజులు చూసి, "ఏమయ్యా, అంచులు కలిశాయా, కొలబద్ద తెమ్మంటావా?" అన్నాడు. మన ఊరి పడవలు కట్టే క్లబ్బులో నాకు కొలతల రాయుడని పేరు పెట్టారని వాడికి చెప్పలేదు. చెబితే ఇక్కడా అదే ఖాయమవుతుంది.

మీరు మళ్లీ దర్జీ షాపుకి వెళ్తున్నారా? అన్నయ్య పనిముట్లు ఎవరైనా అడిగితే ఇచ్చేయండి. క్లబ్బు షెడ్డు వైపు మాత్రం పోకండి. అన్నయ్యతో మునిగిన పడవని సరస్సులోంచి లాగి అక్కడ పెట్టారనీ, దాన్ని విప్పి చూడాలని క్లబ్బు పెద్ద మేస్త్రి పట్టుబడుతున్నాడనీ విన్నాను. ఆయన విప్పుకోనీ. మనకి ఒరిగేదేమీ లేదు. అన్నయ్య పోయి మూడు నెలలైంది. ఏ పలక దగ్గర నీళ్లొచ్చాయో తేలినంత మాత్రాన లేచి రాడు.

వేళకి తినండి.

మీ మరిది

*

ఇంటి నుంచి
జూన్ 19

మరిదీ,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. నువ్వు పోవద్దన్న చోటికి నేను వెళ్లడం మొదలుపెట్టి అప్పటికే రెండు ఆదివారాలైంది.

క్లబ్బులో చేరాను. మీ అన్నయ్య పనిముట్లు ఇచ్చేద్దామనే సంచి పట్టుకుని వెళ్లాను. పెద్ద మేస్త్రి సంచి విప్పి, ఉలి తీసి, అంచు మీద బొటనవేలు పెట్టి చూసి, "ఇది వాడేవాళ్లు కావాలి గానీ దాచేవాళ్లు కాదమ్మా" అని నా చేతిలోనే పెట్టాడు. అక్కడి సభ్యురాలు, మందుల షాపావిడ, చీర పాడవకుండా నా ముందు వైపు ఒక ముతక గుడ్డ కట్టింది. అంతే, చేరిపోయినట్టే.

రెండేళ్లు మీరిద్దరూ ఆదివారమంతా అక్కడ ఏం చేసేవాళ్లో ఇప్పుడు చూస్తున్నాను. చాలామటుకు మాటలే. పని చేసేది పెద్ద మేస్త్రీ, రిటైరైన పోస్టుమాస్టరూ. తక్కినవాళ్లు చెక్క పొట్టులో నిలబడి టీ తాగుతూ, కొత్త పడవకి ఏ రంగు వెయ్యాలని పోట్లాడుకుంటారు. ఆ కొత్త పడవ సగమైంది. పక్కటెముకలు బిగించారు, పలకలు ఎక్కాలి. దాని పక్కనే పట్టా కప్పి మన పడవ ఉంది.

గుమ్మం మీది దూలం చూశాను. సభ్యులందరి గుర్తులూ ఉలితో చెక్కి ఉన్నాయి. మీ అన్నయ్యవి రెండు అలలు, వాటి పక్కన నీ వడ్రంగి మూలమట్టం. రెంటికీ మధ్య వేలు పట్టదు.

ఆ దూలం కింద నిలబెట్టే పెద్ద మేస్త్రి నాకు కట్టుబాటు చెప్పాడు. నీకు తెలిసిందే. మునిగిన పడవ ఎందుకు మునిగిందో తేలాలి. తేలేదాకా కొత్త పడవ నీళ్లలోకి దిగదు. ఎవరి తప్పని తేలితే వాళ్ల గుర్తుని చిత్రిక పట్టి దూలం మీంచి తీసేస్తారు. బతికున్నా, పోయినా. క్లబ్బు పెట్టిన ఇన్నేళ్లలో ఒక్కసారే అలా జరిగిందట. ఆ చోట దూలం కాస్త పల్లంగా ఉంది.

వచ్చే ఆదివారం పట్టా తీస్తారు. నేనూ ఉంటాను.

వదిన

*

ఓడల యార్డు
జులై 1

వదినా,

మీరు ఉలి పట్టారని చదివి వెల్డరుకి చెప్పాను. "మీ ఇంట్లో ఆడవాళ్లు నీకంటే నయమే" అన్నాడు. ఉలిని గుండె వైపు ఎప్పుడూ లాగకండి. అవతలికి తొయ్యాలి. ఎడమ చెయ్యి అంచుకి వెనకే ఉండాలి. రాగి మేకులు ఊడబెరికేటప్పుడు మొదట తలకాయని ఆకురాయితో అరగదియ్యాలి, లేకపోతే పలక చీలుతుంది.

ఒక విషయం ముందే చెబుతున్నాను. ఎడమ పక్క, కింది నుంచి మూడో పలక. ముందు నుంచి ఐదో పక్కటెముక దగ్గర నేను బరమా తప్పు చోట పెట్టాను. చిల్లు పడింది. దానిలో కర్ర బిరడా కొట్టి, మైనం, రంపపు పొట్టు కలిపి పూసి, పైన రంగు వేశాను. ఎవరికీ చెప్పలేదు. కొలతల రాయుడు చిల్లు తప్పాడని తెలిస్తే పోస్టుమాస్టరు పదేళ్లు చెప్పుకుంటాడని సిగ్గేసింది. నీళ్లొచ్చింది అక్కడే అయ్యుంటుంది. ముందు అదే విప్పమనండి. దాంతో అందరికీ తేలిపోతుంది, మీరూ ఇంటికి పోవచ్చు.

మరిది

*

ఇంటి నుంచి
జులై 24

మరిదీ,

మూడు ఆదివారాలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మూడో పలక ముందు విప్పాం. నీ బిరడా దొరికింది. పెద్ద మేస్త్రికి చూపు సగమే కాబట్టి ఎలా ఉందో నా చేత చెప్పించుకున్నాడు. రంగు పగల్లేదు. మైనం కదల్లేదు. ఆయన బిరడా మీద గోరుతో తట్టి, "ఇది చెక్క కంటే గట్టిగా ఉంది. తప్పు చేసినా కొలిచి చేశాడు దొంగ" అన్నాడు. పోస్టుమాస్టరు నవ్వాడు. షెడ్డులో మార్చి తర్వాత అదే మొదటి నవ్వట.

తర్వాత ఒక్కో పలకా విప్పాం. మేకులన్నీ ఉన్నాయి. ఎక్కడా విరగలేదు, కుళ్లలేదు. రెండు పలకలు ఒకదాని మీదొకటి ఎక్కే చోట మాత్రం, లోపలి ముఖాల మీద సన్నటి బురద గీత ఉంది. కింది నుంచి పై దాకా, రెండు పక్కలా, ప్రతి అతుకులోనూ. దర్జీపనిలో చెప్పాలంటే ఎక్కడా చిరగలేదు, కుట్లన్నీ ఒకేసారి వదులయ్యాయి.

పెద్ద మేస్త్రి బెంచీ మీద కూర్చుని అన్నాడు: "ఎండిన పడవ ఇలా కారుతుంది. చెక్క తడిగా ఉంటే ఉబ్బి అతుకులు మూసుకుంటాయి. అందుకేగా లోపల గోనెలు పరిచి రోజూ నీళ్లు పొయ్యమనేది. దించడానికి ముందు ఆ తొమ్మిది రోజులూ వంతు ఎవరిది?"

పోస్టుమాస్టరు గోడ మీది నల్లబల్ల చూశాడు. ఫిబ్రవరి నెల ఎవరూ తుడవలేదు. రెండు అలల గుర్తుకి ఎదురుగా తొమ్మిది సుద్ద గీతలున్నాయి. రోజుకొకటి.

"గీతలున్నాయి మేస్త్రీ. పోశాడు."

"పోస్తే ఇది ఎండదు."

"గీత గీశాక పొయ్యకుండా ఉంటాడా?"

పెద్ద మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఆ రోజుల్లో అతను లిఫ్టులు బిగించే పని మీద ఊళ్లో లేడు కదమ్మా. షెడ్డు తాళం నీకిచ్చి వెళ్లాడేమో?"

"నీళ్లు పోశారు" అన్నాను.

అంతే అన్నాను. ఎవరు పోశారో అనలేదు. వాళ్లూ అడగలేదు.

ఆగస్టు పదిహేడున సభ. మీ అన్నయ్య ఊరి నుంచి వచ్చి, నీళ్లు పొయ్యకుండానే గీతలు గీశాడని అందరూ అనుకుంటున్నారు. పైకి అనరు. మందుల షాపావిడ నాకు టీ ఇచ్చేటప్పుడు చక్కెర మరో చెంచా ఎక్కువేస్తోంది.

వదిన

*

ఓడల యార్డు
ఆగస్టు 4

వదినా,

సభకి మీరు వెళ్లకండి. తలనొప్పనండి, షాపులో పెళ్లి బట్టలున్నాయనండి, ఏదో ఒకటి. పెద్ద మేస్త్రికి నేను విడిగా ఉత్తరం రాశాను. దాంతో సరిపోతుంది.

వెల్డరు ఈ వారం యార్డు మారాడు. పై మంచం ఖాళీ.

మరిది

*

ఇంటి నుంచి
ఆగస్టు 18

మరిదీ,

నేను వెళ్లాను.

పన్నెండుమంది వచ్చారు. పోస్టుమాస్టరు నీ ఉత్తరం నిలబడి చదివాడు. ఆ తొమ్మిది రోజులూ పడవలోని గోనెలు నువ్వే తీసుకెళ్లావనీ, నీ సొంత పని మీద తడిపి వాడుకున్నావనీ, దించే రోజు పొద్దున తెచ్చి మళ్లీ పరిచావనీ ఉంది. "మా అన్నయ్య ఇంటివాళ్లు పోసిన నీళ్లు గోనెలు లేక కారిపోయాయి, తప్పు నాది, నా గుర్తు తీసేయండి" అని ఉంది.

పోస్టుమాస్టరు కాగితం మడిచాడు. మందుల షాపావిడ, "కొలతల రాయుడా ఈ పని చేసింది?" అంది.

పెద్ద మేస్త్రి నిచ్చెన వేసుకుని ఎక్కాడు. నిచ్చెన కాళ్లు నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. నీ మూలమట్టం పోవడానికి చిత్రిక ఐదు పట్లు పట్టాల్సి వచ్చింది. లోతుగా చెక్కుకున్నావు. మొదటి చెక్క పేడు నా భుజం మీద పడింది. దాని మీద నీ గుర్తు మూల ఒకటుంది. ఈ ఉత్తరంలో పెడుతున్నాను.

నేను నోరు తెరవలేదు. నిచ్చెన పట్టుకున్న చేతులు వదలకూడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన దిగాక కూడా తెరవలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. మొదటి రోజు వెళ్లాను. షెడ్డు వెనక కొళాయి నుంచి పన్నెండు బకెట్లు మోసి గోనెల మీద పోశాను. షాపుకి నలభై నిమిషాలు ఆలస్యమైంది, యజమాని నలుగురి ముందు అడిగాడు. రెండో రోజు వెళ్లలేదు. మూడో రోజు, వెళ్లాలని గుర్తొచ్చినా వెళ్లలేదు. ఆ పడవంటే నాకు కసి. రెండేళ్ల ఆదివారాలు అది తినేసింది. నాకు ఆపరేషనైన వారం కూడా మీ అన్నయ్య దానికి పలక వంచడానికే వెళ్లాడు. ఎండనీ, ఏమవుతుంది, కర్రేగా అనుకున్నాను. కర్ర ఎండితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

ఆయన తిరిగొచ్చే ముందు రోజు వెళ్లాను. రెండు బకెట్లు పైపైన చల్లాను. ఎనిమిది గీతలూ ఒకేసారి గీశాను. అన్నీ ఒకేలా ఉంటే తెలిసిపోతుందని రెంటిని కాస్త వంకరగా గీశాను.

గోనెలు ఎక్కడికీ పోలేదు. చివరి రోజు అక్కడే ఉన్నాయి, నేను చూశాను. నువ్వు తియ్యలేదు. తియ్యనివాడివి తీశానని ఎందుకు రాశావు? నా గీతలు అబద్ధమని నీకెప్పుడు తెలిసింది?

వదిన

*

ఓడల యార్డు
సెప్టెంబరు 9

వదినా,

పేడు అందింది. పలచగా, ఎక్కడా తెగకుండా వచ్చింది. పెద్ద మేస్త్రి చెయ్యి ఇంకా బాగానే ఉంది.

అడిగారు కాబట్టి చెబుతున్నాను. పడవ దించే రోజు పొద్దున తొమ్మిదింబావుకి గోనె అంచు ఎత్తి చూశాను. పైన తడి, కింద పొడి. పలకల మధ్య నా కొలబద్ద అంచు దూరింది. నల్లబల్ల చూశాను. అన్నయ్య చెయ్యి నాకు తెలుసు. ఆయన గీతలు కుడికి వాలతాయి. అవి నిట్టనిలువుగా ఉన్నాయి, దర్జీ గీతల్లా. రెండు మాత్రం వంకర.

అన్నయ్యని పక్కకి పిలిచి చెప్పాను. దించొద్దు, పది రోజులు ఆగుదాం అన్నాను. బయట అప్పటికే జనం. మీరూ మందుల షాపావిడా కుర్చీలు వేస్తున్నారు. అన్నయ్య మీ వైపు చూసి అన్నాడు: "ఎందుకు ఆపామని అడుగుతారు. గీతల దగ్గరికి వస్తారు. ఇంతమందిలో మీ వదిన తలదించుకోవాలి. రెండేళ్లలో ఇవాళే మొదటిసారి తనంతట తానుగా వచ్చిందిరా ఇక్కడికి."

"కారుతుంది అన్నయ్యా."

"కారనీ. నీళ్లలో ఉంటే అదే ఉబ్బి సర్దుకుంటుంది. డబ్బా ఉందిగా, తోడుకుంటాను. ఒడ్డు పక్కనే నాలుగు చుట్లు తిప్పి వచ్చేస్తా."

నేనూ ఎక్కుతానంటే బరువెక్కువైతే ఇంకా కారుతుందన్నాడు. ఈత చొక్కా తొడుక్కోమన్నాను. "ఒడ్డు పక్కన తిరిగేవాడికి చొక్కా ఎందుకని నన్ను ఆటపట్టిస్తారు" అని సీటు కింద తోశాడు.

తర్వాతది మీరూ చూశారు. గాలి లేచి పడవని లోపలికి తీసుకుపోయింది. ఆయన డబ్బాతో నీళ్లు బయటికి విసురుతుంటే ఒడ్డున అందరూ ఆటనుకుని చప్పట్లు కొట్టారు. మీరూ నవ్వారు. అది ఆట కాదని ఆ ఒడ్డున నాకొక్కడికే తెలుసు. అప్పుడు కేకవేస్తే ఎందుకని అడుగుతారు. ఆయన దాచమన్నది బయటపడుతుంది. కాసేపాగి చూద్దామనుకున్నాను. చేతి గడియారం చూశాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను. మూడు నిమిషాలు. నేను కేకవేసి, రెండో పడవ విప్పి, అక్కడికి చేరేసరికి డబ్బా ఒక్కటే తేలుతోంది.

నా చిల్లు దగ్గరే నీళ్లొచ్చి ఉండాలని ఎంత కోరుకున్నానో మీకు తెలియదు. అది కూడా గట్టిగానే నిలిచింది.

కాబట్టి నా గుర్తు పోవడం అన్యాయమేమీ కాదు. రాసిన కారణం అబద్ధం, అంతే. ఎవరికీ చెప్పకండి. అన్నయ్య ప్రాణం పెట్టి దాచింది మీరు బయటపెడితే ఆయన పోయిందానికి ఆ ఒక్క అర్థమూ ఉండదు. నేను మాత్రం రాను. మీరు వడ్డిస్తుంటే తల దించుకుని తినడం నెలరోజులు చేశాను. ఇంక నా వల్ల కాదు. మీ ముఖం చూస్తే నల్లబల్ల కనబడుతుంది. నా ముఖం చూస్తే ఇకనుంచి మీకు గడియారం కనబడుతుంది.

మరిది

*

షెడ్డు నుంచి
అక్టోబరు 5

మరిదీ,

నువ్వు వద్దన్నది మళ్లీ చేశాను. పెద్ద మేస్త్రి ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి గీతలు నావని చెప్పాను. మీ అన్నయ్యకి తెలుసన్నది చెప్పలేదు, నీ మూడు నిమిషాలూ చెప్పలేదు. నాది మాత్రమే చెప్పాను.

ఆయన చిత్రిక ఆపలేదు. "తెలుసమ్మా" అన్నాడు. "ఆ గోనెలు పక్కటెముకలకి పురికొసతో కుట్టింది నేనే. అంచు ఎత్తి చూడొచ్చు గానీ విప్పి తీసుకుపోవడం కుదరదు. విప్పదీసేటప్పుడు నా కుట్లు నా వేళ్లకి తగిలాయి. ఉత్తరం చదువుతుండగానే తెలిసింది అబద్ధమని."

"మరి అతని గుర్తెందుకు తీశారు?"

"ఒకటి పోవాలి. అతను అడిగాడు. నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను. నాది తీసెయ్యండి. అతనిది మళ్లీ చెక్కండి."

"చిత్రిక పట్టిన చోట మళ్లీ చెక్కం. అదీ కట్టుబాటే." తర్వాత దూలం వైపు సగం చూపుతో చూసి, "నీది తియ్యడానికి నీకు గుర్తెక్కడిదమ్మా? మొదటి పడవ పూర్తయితే గానీ ఇవ్వం కదా" అన్నాడు. నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నమాట అన్నాడు.

కొత్త పడవకి పలకలెక్కడం అయిపోయింది. గోనెలు పరిచారు. నీళ్లు పోసే వంతు నాకే ఇచ్చాడు. రోజూ షాపుకి ముందు వచ్చి పన్నెండు బకెట్లు మోస్తున్నాను. ఇవాళ్టికి ఆరో రోజు. ఒక్క రోజూ తప్పలేదు. నువ్వు నమ్మక్కర్లేదు.

సుద్దముక్క మాత్రం నా చేతికివ్వలేదు. నేను పోసి పక్కకి జరిగాక ఆయన వస్తాడు. గోనె అంచు ఎత్తి, చెయ్యి కిందికి పెట్టి, చాలాసేపు తడిమి చూస్తాడు. తర్వాత వెళ్లి తనే గీత గీస్తాడు.

వదిన